డేటా ఇస్తామని రాసే ఆ రెండు పేజీలు

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒక పీహెచ్‌డీ అమ్మాయి మెయిల్ రాసింది. "నమస్తే మేడమ్, మీ పేపర్ చదివాను, చివర్లో డేటా కావాలంటే రచయితలని అడగమని ఉంది, అందుకే అడుగుతున్నా" అని. తన టాపిక్ ఏంటో, ఆ డేటాతో ఏం చేద్దామనుకుంటోందో, గైడ్ ఎవరో అన్నీ వివరంగా రాసింది. నాకు నిజంగా సంతోషమేసింది. ఎందుకంటే ఆ సర్వే మీద నేను నాలుగేళ్ళు పని చేశాను. అమెరికాలో ఉండే తెలుగు, తమిళ, గుజరాతీ కుటుంబాల తిండికీ షుగర్‌కీ ఉన్న సంబంధం మీద సర్వే అది, శని ఆదివారాలు గుడి హాళ్ళలోనూ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లోనూ కూర్చుని, ఒక్కొక్కరి దగ్గర గంటన్నర టైమ్ అడిగి నింపిన ఫారాలు. అన్నేళ్ళ తర్వాత అది ఇంకొకరికి పనికొస్తోందంటే ఎవరికి బాగుండదు? ఐఆర్‌బీ (మనుషుల మీద పరిశోధనల్ని చూసే యూనివర్సిటీ కమిటీ) వాళ్ళ అనుమతి తీసుకుని, పేర్లూ అడ్రసులూ తీసేసి ఫైలు పంపించా.

నాలుగు రోజులకి మళ్ళీ మెయిల్ వచ్చింది. "మేడమ్, వారానికి అన్నం ఎన్నిసార్లు తింటారు అనే కాలమ్‌లో 7, 14 తర్వాత ఎక్కువగా 9 కనిపిస్తోంది. ఈ 9 అంటే నిజంగా తొమ్మిది సార్లా, జవాబు చెప్పలేదనా? వేరే కాలమ్స్ చూస్తే 9 మిస్సింగ్ కోడ్ లాగా ఉంది."

నా దగ్గర జవాబు లేదు. మా పేపర్‌లో ఆ కాలమ్ మేం వాడలేదు, మొత్తం క్యాలరీలూ రక్తపరీక్షలూ తప్ప మిగతావాటి జోలికి పోలేదు, కాబట్టి ఆ ప్రశ్న మాకెప్పుడూ రాలేదు. షేర్డ్ డ్రైవ్‌లో వెతికితే రెండు కోడ్‌బుక్‌లు, అంటే ఏ అంకెకి ఏ అర్థమో రాసిపెట్టే ఫైళ్ళు, దొరికాయి. ఒకదాంట్లో జవాబు ఇవ్వకపోతే 9 అని ఉంది, రెండోదాంట్లో 99 అని ఉంది, రెండింటి మీదా తేదీ లేదు. సరైనదేదో తెలిసిన రీసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగం మారిపోయింది, తన లాప్‌టాప్‌ని యూనివర్సిటీ వాళ్ళు తుడిచేసి ఇంకెవరికో ఇచ్చేశారు. తొమ్మిది సార్లు అన్నం తినే మనిషికీ, జవాబు చెప్పని మనిషికీ తేడా తెలియని డేటా పెట్టుకుని ఎవరైనా ఏం లెక్క కడతారు?

అప్పుడు వెళ్ళి ఆ పాత గ్రాంట్ అప్లికేషన్ తెరిచి చూశాను. అప్పట్లో ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకి గ్రాంట్లిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) రూలు 2003 నాటిది, ఏ ఒక్క ఏడాదిలోనైనా డైరెక్ట్ ఖర్చు 5 లక్షల డాలర్లకి తగ్గకుండా అడిగితే డేటా షేరింగ్ ప్లాన్ రాయాలి. మా సర్వే ఒక పెద్ద గ్రాంట్‌లో భాగం కాబట్టి మేమూ రాశాం. రాసింది నేనే. సబ్మిట్ చేసే ముందు రాత్రి, ఇంకో ప్రాజెక్టు అప్లికేషన్ నుంచి ఆ పేరా కాపీ చేసి పేర్లు మార్చాను. అందులో ఒకచోట "ఎలుకల నుంచి సేకరించిన సమాచారం" అనే ముక్క అలాగే ఉండిపోయింది. మనుషుల తిండి మీద సర్వేకి రాసిన ప్లాన్‌లో ఎలుకలు. రివ్యూలో ఎవరూ పట్టుకోలేదు, గ్రాంట్ వచ్చేసింది. ఆ ముక్క చదువుతుంటే నాకు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తోంది.

ఈ మెయిల్స్ నడుస్తున్న రోజుల్లోనే అక్టోబర్ డెడ్‌లైన్ కోసం కొత్త అప్లికేషన్ రాస్తున్నాం. 2023 జనవరి 25 నుంచి రూలు మారింది కదా, గ్రాంట్ చిన్నదైనా పెద్దదైనా సైంటిఫిక్ డేటా పుట్టేట్టు ఉంటే ప్లాన్ పెట్టాల్సిందే, రెండు పేజీలు మించకుండా రాయమంటారు. మా ప్రొఫెసర్ గారు "పోయినసారిది తీసి అప్‌డేట్ చేసెయ్" అన్నారు. ఈసారి నా వల్ల కాలేదు. దాని మీద మా ఇద్దరికీ రెండు వారాలు వాదన జరిగింది, ఈ పోస్టు ఆ వాదనలోంచి వచ్చిందే.

అడిగితే ఇస్తాం అనే మాట

ముందు ఈ "అడిగితే ఇస్తాం" సంగతి. 2022లో ఒక స్టడీ వచ్చింది, తమ పేపర్లలో డేటా అడిగితే ఇస్తామని రాసిన వాళ్ళని నిజంగానే అడిగి చూశారు. అలాంటి పేపర్లు 1,792. అందులో 1,670 మంది, అంటే 93 శాతం, అసలు జవాబే ఇవ్వలేదు లేదా డేటా ఇవ్వం అన్నారు. అంతకుముందు 2014లో ఎకాలజీ వాళ్ళు 516 పాత పేపర్ల డేటా కోసం ప్రయత్నిస్తే, పేపర్ వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ డేటా ఇంకా ఉందని తేలే ఆడ్స్ (ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న అవకాశాల నిష్పత్తి) 17 శాతం చొప్పున పడిపోయాయి.

ఈ అంకెలు చూసినప్పుడల్లా సైంటిస్టులు స్వార్థపరులు, డేటా మీద కూర్చుంటారు అనే మాటే వినిపిస్తుంది. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవట్లేదు. ఆ 1,670 మందిలో స్వార్థంతో ఆగిన వాళ్ళూ ఉండే ఉంటారు, కానీ నాలాంటి వాళ్ళు చాలామంది ఉంటారని నా నమ్మకం. ఇవ్వాలనే ఉంటుంది, ఫైలు తెరిస్తే అందులో ఏముందో వాళ్ళకే అర్థం కాదు. శుభ్రం చేసి పంపాలంటే మూడు వారాల పని, ఆ మూడు వారాలకి జీతం ఇచ్చే గ్రాంట్ ఎప్పుడో అయిపోయింది, ఆ పని తెలిసిన మనిషి ఎక్కడో ఉంది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ మెయిల్ అడుక్కి వెళ్ళిపోతుంది. నేను కనీసం ఫైలు పంపాను కాబట్టి ఆ లెక్కలో మంచివాళ్ళ వైపు పడతాను, కానీ ఆ అమ్మాయికి నేను పంపింది డేటానా? కోడ్‌బుక్ లేని ఫైలు తాళంచెవి పారేసిన బీరువా లాంటిది.

పని ఎవరిది

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. గ్రాంట్ అప్లికేషన్‌లో డేటా షేరింగ్ ప్లాన్ కింద ఏ రిపాజిటరీ (డేటా దాచిపెట్టి అందరికీ ఇచ్చే చోటు), ఏ ఫార్మాట్, ఏ లైసెన్స్ అని ఎంత అందంగా రాసినా, ఆ పని చేసే మనిషి ఎవరు, ఏ ఏడాది నుంచి, ఎన్ని నెలలు, ఆ నెలల జీతం బడ్జెట్‌లో ఏ లైన్లో ఉంది అనేది లేకపోతే ఆ ప్లాన్ కాగితమే. రాయాల్సింది కూడా ఆ మనిషే, లేదా ఆ మనిషి పక్కన కూర్చుని.

రూలేమీ అడ్డు రాదు. కొత్త పాలసీ ప్రకారం డేటా శుభ్రం చేయడానికీ, డాక్యుమెంటేషన్ రాయడానికీ, రిపాజిటరీ ఫీజులకీ బడ్జెట్‌లో డబ్బు అడగొచ్చు. గ్రాంట్ నడుస్తున్నప్పుడే ఖర్చు పెట్టాలి, అయిపోయాక కుదరదు. అంటే ఎన్‌ఐహెచ్ ఈ పనికి విలువ ఉందని ఒప్పుకున్నట్టే. కానీ అడిగేవాళ్ళు ఎంతమంది? నేను చూసిన అప్లికేషన్లలో ప్లాన్ రెండు నిండు పేజీలు ఉండేది, బడ్జెట్ జస్టిఫికేషన్‌లో దాని గురించి ఒక్క వాక్యం ఉండేది కాదు. ప్రొఫెసర్ గారి వాదన కూడా తీసిపారేసేది కాదు. మేం వాడే మాడ్యులర్ బడ్జెట్ అనే పద్ధతిలో అడగగలిగేది ఏడాదికి 2,50,000 డాలర్ల లోపు, ఆ అంకె 1999 నాటిది, జీతాలు మాత్రం 1999లో లేవు. "డేటా మనిషికి మూడు నెలల జీతం పెడితే నలభై మంది బ్లడ్ శాంపిల్స్ తగ్గించాలి, ఏది కావాలో నువ్వే చెప్పు" అన్నారు. రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే నేనిచ్చిన జవాబు ఇది: నలభై మంది తగ్గితే ఎంత తగ్గిందో మనకి తెలుస్తుంది, పవర్ లెక్కలో, అంటే ఫలితం తేల్చడానికి ఎంతమంది కావాలో చూసే లెక్కలో, కనిపిస్తుంది. కోడ్‌బుక్ లేకపోతే ఎంత పోయిందో ఎనిమిదేళ్ళ తర్వాత ఎవరో అడిగేదాకా తెలియదు.

ఇది చిన్న పని అనుకుంటారు, అక్కడే వస్తుంది తంటా. ఎక్సెల్‌లో సెప్ట్2 అనే జన్యువు పేరు కొడితే అది సెప్టెంబర్ 2 అయిపోయేది. ఎన్నో పేపర్ల సప్లిమెంట్లలో అలా తేదీలుగా మారిన జన్యువులు దొరికాయి. చివరికి జన్యువుల పేర్లు పెట్టే కమిటీ 2020లో ఆ పేర్లే మార్చింది, ఇప్పుడది సెప్టిన్2. ఇలాంటివి కూర్చుని చూసేవాళ్ళు కావాలి, అలా చూడటం కూడా ఒక నైపుణ్యమే.

మనిషి డీఎన్ఏ మొత్తం చదివిన జీనోమ్ ప్రాజెక్టు వాళ్ళని ఎప్పుడూ ఉదాహరణగా చూపిస్తారు. 1996లో బెర్ముడాలో కూర్చుని సీక్వెన్స్‌ని 24 గంటల్లో బయటపెట్టాలని ఒప్పుకున్నారు, పెట్టారు, చూడండి వాళ్ళు ఎంత ఉదారులో అని. ఉదారులే, కాదనను. కానీ ఆ సీక్వెన్సింగ్ సెంటర్లలో రోజూ డేటా పంపడం కొందరి ఉద్యోగం, తీసుకోవడానికి జెన్‌బ్యాంక్ అనే డేటాబేస్ సిద్ధంగా ఉంది, దానికీ జీతాలిచ్చేవాళ్ళు ఉన్నారు. ఆ రూలుని తీసుకొచ్చి ఒక ప్రొఫెసర్, ఇద్దరు స్టూడెంట్లు ఉన్న ల్యాబ్‌కి పెట్టి, అక్కడున్న మనుషుల్ని మాత్రం ఇక్కడ పెట్టకపోతే ఎలా?

ఔరేపల్లి, డోకూరు

మాది పాలమూరు. చిన్నప్పుడు వలసల జిల్లా, కరువు జిల్లా అనే మాటలే విన్నాను. అమెరికా వచ్చాక ఎకనామిక్స్ క్లాసులో ఒక ప్రొఫెసర్ ఔరేపల్లి పేరు చెప్తే, పలికిన తీరుకి మొదట గుర్తుపట్టలేదు, తర్వాత ఒళ్ళు జలదరించింది.

పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్ళు 1975లో ఆరు ఊళ్ళలో సర్వే మొదలుపెట్టారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, డోకూరు, మహారాష్ట్రలో షోలాపూర్ వైపు రెండు, అకోలా వైపు రెండు. ఊరికి నలభై ఇళ్ళు, అందులో ముప్పై రైతులవి, పది భూమి లేని కూలీలవి. సర్వే చేసేవాళ్ళు ఆ ఊళ్ళోనే కాపురం ఉండి మూడు నాలుగు వారాలకోసారి అదే ఇంటికి వెళ్ళి ఏం పండింది, ఏం కొన్నారు, ఎంత అప్పు చేశారు, ఎవరు కూలికి వెళ్ళారు అని రాసుకునేవాళ్ళు, అలా ఏళ్ళ తరబడి. ఆ డేటాని ఇక్రిశాట్ బయటివాళ్ళకీ ఇచ్చింది. దాంతో ప్రపంచంలో ఎక్కడెక్కడి ఎకనామిస్టులో పేపర్లు రాశారు. 1994లో ఎకనోమెట్రికా అనే జర్నల్లో రాబర్ట్ టౌన్సెండ్ అనే ఎకనామిస్ట్ రాసిన పేపర్ ఇప్పటికీ క్లాసుల్లో చెప్తారు. ఒక ఇంటి పంట పోయినప్పుడు ఆ ఇంటి తిండి అంతలా పడిపోదు, ఊరు మొత్తం ఎలా ఉందో దాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది, అంటే అప్పులతోనో ఇచ్చిపుచ్చుకోవడంతోనో ఊరు కొంతవరకు ఆదుకుంటోంది, కానీ తను చూసిన మూడు ఊళ్ళలో ఒకదాంట్లో భూమి లేని వాళ్ళకి ఆ ఆదరువు తక్కువ అని ఆయన ఆ డేటాలోంచి తీశాడు. సర్వే మొదలుపెట్టిన వాళ్ళకి అప్పుడు ఈ ప్రశ్న ఉందో లేదో, డేటా మాత్రం దానికి జవాబు చెప్పగలిగింది.

అది ఎందుకు నిలబడిందంటే, ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళ కోసం ఏ ప్రశ్న ఎలా అడగాలో, ఏ జవాబుకి ఏ కోడ్ వేయాలో మాన్యువల్ రాసిపెట్టారు, ఊళ్ళో ఉండి రాసుకోవడం ఒక మనిషి పూర్తికాలం ఉద్యోగం. 1975లో ఇలాంటి పనికి డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ అనే పేరు ఇంత వాడుకలో లేదు. పేరు లేకుండానే పని జరిగింది. మా దగ్గర పేరుంది, టెంప్లేట్ ఉంది, రాయడానికి వెబ్‌సైటే ఉంది, కానీ 9 అంటే ఏంటో తెలీదు.

నాకూ అనుమానాలు ఉన్నాయి

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి, అన్నిటినీ బయటపెట్టేయాలని నేను అనట్లేదు. మా సర్వేలో ఒక చిన్న టౌన్‌లో ఉండే తెలుగావిడ ఉన్నారు, పళ్ళ డాక్టర్, ముగ్గురు పిల్లలు, ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చింది. పేరు తీసేసినా ఆ టౌన్ తెలుగువాళ్ళలో ఎవరు చదివినా ఆవిడెవరో అర నిమిషంలో చెప్పేస్తారు. మన అసోసియేషన్లు ఎంత చిన్న ప్రపంచమో తెలుసు కదా. ఆవిడ నాతో మాట్లాడింది నన్ను నమ్మి, కన్సెంట్ ఫారంలో (సర్వేకి ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితంలో) 14వ పేరాని నమ్మి కాదు.

అమెరికా ఆదివాసులైన హవసుపై తెగ సంగతి చదివినవాళ్ళకి ఈ భయం తెలుసు. 1990లో అరిజోనాలో యూనివర్సిటీ వాళ్ళు షుగర్ మీద పరిశోధన అని ఆ తెగ దగ్గర రక్తం తీసుకున్నారు, తర్వాత అవే శాంపిల్స్‌ని స్కిజోఫ్రెనియా మీద, వాళ్ళ పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారనే దాని మీద వాడారు. వాళ్ళకి తెలిసి కోర్టుకెక్కారు, 2010లో 7 లక్షల డాలర్లతో, శాంపిల్స్ వాపసుతో రాజీ కుదిరింది. అది కూడా ఒక రకంగా డేటాని మళ్ళీ వాడుకోవడమే కదా.

మొదట్లో ఈ అనుమానం నా వాదనని బలహీనం చేస్తుందనుకున్నా. ఆలోచించేకొద్దీ తిరగబడింది. ఎవరికి ఏం ఇవ్వొచ్చు, ఏది తాళం వేసి అడిగినవాళ్ళని చూసి ఇవ్వాలి అనేది కన్సెంట్ ఫారం రాసేటప్పుడే తేలాలి, అది ప్రాజెక్టు మొదటి నెలలోనే ప్రింట్ అవుతుంది. తర్వాత నాలుగొందల చిల్లర మంది దగ్గరికి మళ్ళీ వెళ్ళి "ఇంకో సంతకం పెట్టండి" అనలేం. కాబట్టి ప్లాన్ ఆఖరి రాత్రి కాపీ కొట్టేది అయితే నష్టపోయేది ముందు ఆ పళ్ళ డాక్టరమ్మే. ఈసారి మేం ప్లాన్ రాసేముందు కన్సెంట్ ఫారం పక్కన పెట్టుకున్నాం, తెలుగు ఫారంలో "ఇతర పరిశోధకులతో పంచుకోబడును" అని ఉన్న ముక్క తీసేసి, ఎవరు చూస్తారు, ఏం చూడరు, వద్దంటే ఎవరికి ఫోన్ చేయాలి అని మామూలు మాటల్లో రాశాను.

ఇంకో అనుమానం హైదరాబాద్‌లో ల్యాబ్ నడిపే నా క్లాస్‌మేట్‌ది. "మీకేం, మీ దగ్గర మనుషులున్నారు. నా స్కాలర్ మూడేళ్ళు ఎండలో తిరిగి తెచ్చిన డేటాని మొదటి పేపర్ రాగానే బయట పెడితే, పెద్ద కంప్యూటర్లున్న వాడు ఎవడో రెండు నెలల్లో రెండో పేపర్, మూడో పేపర్ రాసేస్తాడు, వీడి థీసిస్ ఏం కావాలి?" 2016లో ఒక పెద్ద మెడికల్ జర్నల్ ఎడిటర్లు ఇలా ఇతరుల డేటా వాడుకునేవాళ్ళని కొందరు రీసెర్చ్ పరాన్నజీవులంటున్నారని రాస్తే పెద్ద గొడవైంది. ఆ మాట నాకు నచ్చదు, కానీ నా క్లాస్‌మేట్ భయం నిజం. ఇండియాలో కూడా పాలసీలు వచ్చాయి, 2021లో జీవశాస్త్ర డేటా పంచుకోవడం మీద బయోటెక్ ప్రైడ్ గైడ్‌లైన్స్, 2022లో ఫరీదాబాద్‌లో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ మొదలైంది. పెట్టడానికి చోటు దొరికింది. తయారు చేసే మనిషికి పోస్టు మాత్రం తన ప్రాజెక్టులో లేదట, ఉన్నది జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ఫీల్డ్ అసిస్టెంట్, అంతే. కాబట్టి ఆ పని కూడా స్కాలర్ నెత్తినే పడుతుంది, జీతం లేకుండా, పేరు లేకుండా. తన మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎప్పుడు బయటపెడతామో ప్లాన్‌లోనే రాసుకోవచ్చు, డేటాసెట్‌కి డీఓఐ (పేపర్లకి ఇచ్చేలాంటి శాశ్వత గుర్తింపు నంబర్) తీసుకుని స్కాలర్ పేరు మొదట పెట్టొచ్చు, ఇంతవరకు చెప్పగలను. ఆ పేరుని ప్రమోషన్ కమిటీ లెక్కలోకి తీసుకుంటుందా అంటే, నేను చూసినంతలో తీసుకోలేదు.

స్కోర్ సంగతి కూడా చెప్తాను. ఎన్‌ఐహెచ్‌లో మామూలుగా రివ్యూయర్లు ఈ ప్లాన్‌కి స్కోర్ వేయరు, ప్రోగ్రామ్ స్టాఫ్ చూస్తారు. స్కోర్ వేస్తే అందరూ జాగ్రత్తగా రాస్తారని నేను చాలా గట్టిగా అనేదాన్ని. ప్రొఫెసర్ గారు ఒక్క మాటన్నారు, "స్కోర్ పెడితే టెంప్లేట్లు ఇంకా నున్నగా తయారవుతాయి." నిజమే. ఎలుకలు పోతాయి, కోడ్‌బుక్ రాదు. ఇప్పుడు నా ఆలోచన ఏంటంటే, ఏటా పంపే ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో ఆ జీతం లైన్ ఖర్చయిందా లేదా, కోడ్‌బుక్ ఎంతవరకు వచ్చింది అని అడగాలి. అప్రూవ్ అయిన ప్లాన్ గ్రాంట్ షరతుల్లో భాగమవుతుంది కాబట్టి అడిగే హక్కు వాళ్ళకి ఎలాగూ ఉంది.

మూడు నెలలు అడిగాను, ఏడాదికి నెలన్నర దగ్గర ఒప్పుకున్నాం, మొదటి ఏడాది నుంచే. ఇరవై ఎనిమిది మంది శాంపిల్స్ తగ్గాయి.

ఆ 9

ఆ అమ్మాయి ప్రశ్న వదలబుద్ధి కాలేదు. మా పాత రీసెర్చ్ అసిస్టెంట్ ఇప్పుడు డాలస్‌లో ఉంటోంది, నంబర్ సంపాదించి ఫోన్ చేశాను. "అయ్యో అక్కా, అది నాకు బాగా గుర్తు" అంది. గుంటూరు అంకుల్ ఒకాయన ఉన్నారట. ఎన్నిసార్లు తింటారని అడిగితే, రోజూ రాత్రి అన్నమే, పగలు డబ్బాలో చపాతీ, శని ఆదివారాలు మాత్రం మధ్యాహ్నం కూడా అన్నం, వెరసి తొమ్మిది అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారట. అప్పటిదాకా 9 అంటే జవాబు ఇవ్వలేదని కోడ్, ఆయన కోసమే 99కి మార్చారు. ఎప్పుడు అంటే, ఆ రోజు గుళ్ళో ఉగాది పచ్చడి పెట్టారు, అదీ గుర్తుంది తనకి. ఆయన చెప్పిన లెక్క మన కుటుంబాల్లో చాలామందిదే కాబట్టి తర్వాత 9లు అన్ని ఎందుకొచ్చాయో కూడా అర్థమైంది.

ఇంటర్వ్యూ తేదీల కాలమ్ చూసి విడగొట్టాను. ఆ ఉగాదికి ముందు 9లన్నీ మిస్సింగ్, తర్వాతవి నిజం తొమ్మిదులు. కానీ పాత ప్రింట్ ఫారాలు అయిపోయేదాకా ఇంకో రెండు వారాలు వాడారట, ఆ రెండు వారాల్లో 9 ఉన్నవి పదకొండు. వాటిని తేల్చే దారి లేదు. డేటాతో పాటు పంపే వివరణ కాగితం, అంటే రీడ్‌మీ ఫైల్లో, తేదీలతో సహా ఇదంతా రాసి, ఆ పదకొండు వరసల నంబర్లు విడిగా ఇచ్చి, "వీటిని లెక్కలోంచి తీసేయండి" అని ఆ అమ్మాయికి నిన్న రాత్రి పంపించాను. కింద రీసెర్చ్ అసిస్టెంట్ పేరు కూడా పెట్టాను, తనని అడిగే.